సింకు కింది అరలో చుంచమ్మ

రత్నకుమారి గారి వంటింట్లో సింకు కింద ఒక అర ఉంది. పాత గోనెసంచి, పగిలిన బకెట్టు తప్ప అందులో ఏమీ లేవని ఆవిడ నమ్మకం. ఆ గోనెసంచి మడతల్లో చుంచమ్మ అనే ఎలుక నాలుగు పిల్లల్ని పెట్టి అయిదు రోజులైంది. పిల్లలు ఇంకా కళ్లు తెరవలేదు.

ఆ ఉదయం పైనుంచి డబ్బాలు దించుతున్న చప్పుడు మొదలైంది. చుంచమ్మ తలుపు సందులోంచి తల బయటికి పెట్టి గోడమీది ముసలి బల్లిని అడిగింది.

"తాతా, ఏమిటా గోల?"

"అమ్మగారు అరలు కడుగుతోందే. సబ్బునీళ్లు, చీపురు, బొద్దింకల మందు అన్నీ పక్కనే పెట్టుకుంది."

"మా అర కూడానా?"

"పైనుంచి ఒక్కొక్కటే ఖాళీ చేస్తూ కిందికొస్తోంది. మీదే ఆఖరుది."

చుంచమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. సింకు గొట్టం పెరట్లోకి పోయే చోట చిన్న కన్నం ఉంది. అది తప్ప వేరే దారి లేదు. గబగబా అక్కడికి వెళ్లి బయటికి చూసింది. కన్నానికి జానెడు దూరంలో రెండు పచ్చటి కళ్లు కనిపించాయి. ఎదురింటి బూడిదరంగు పిల్లి అక్కడే కూర్చుని ఉంది.

"భయపడకమ్మాయ్," అంది పిల్లి మెత్తగా. "నేనూ పిల్లల తల్లినే. లోపల ఏం జరుగుతోందో వింటూనే ఉన్నా. ఒక్కొక్కర్నీ నా నోటికి అందించు. మెడ దగ్గర పట్టుకుని, పన్ను తగలకుండా గడ్డివాము కిందికి చేరుస్తా."

పైన మరో అర తలుపు తెరుచుకుంది. సబ్బునీళ్లు పలకల సందుల్లోంచి కారి గోనెసంచి అంచున టప్ టప్‌మని పడుతున్నాయి. తడి తగిలి ఒక పిల్ల కీచుమంది. చుంచమ్మ కంగారులో ఆ పిల్లను నోట కరుచుకొచ్చి కన్నం దగ్గర దించేసింది కూడా.

"ఎంతమంది పిల్లలు?" అడిగింది పిల్లి.

"నలుగురు, పిన్నీ."

"బొద్దుగా ఉన్నారా?"

చుంచమ్మ ఆగిపోయింది. పిల్లి గడ్డం మీంచి చొంగ కారి నేలమీద పడింది. చుంచమ్మ పిల్లను వెనక్కి లాగి కడుపు కింద దాచుకుంది.  అప్పుడు గొంతు మార్చి అంది.

"అయ్యో పిన్నీ, ఇక్కడున్నది ఇదొక్కటే. మిగతా ముగ్గుర్నీ వంట గట్టుమీద స్టీలు డబ్బాలో పడుకోబెట్టా. పొయ్యి పక్కన, మూత లేని పొడుగాటి డబ్బా. అమ్మగారు స్టూలెక్కి అటు తిరిగి ఉంది. కిటికీ తెరిచే ఉంది. నువ్వు పెద్దదానివి, ఒక్క దూకులో ముగ్గుర్నీ తెచ్చేస్తావు. అడుగున ఉన్నారు, తల బాగా లోపలికి పెట్టాలి సుమా."

"ఈ పిల్ల సంగతో?"

"దీన్ని ఎక్కడికి తీసుకుపోతాను? నువ్వొచ్చేదాకా ఇక్కడే ఉంటాం."

ముగ్గురనేసరికి పిల్లికి ఆలోచన పోయింది. ఒక్క గెంతులో కిటికీ ఎక్కింది. వంటింటి నిండా రకరకాల పొడుల వాసన, ఏది ఏదో తెలియదు. నేరుగా ఆ డబ్బాలో మెడ దాకా తల దూర్చి గట్టిగా వాసన పీల్చింది.

అందులో ఉన్నది కొట్టించిన మిరప్పొడి. రాత్రిళ్లు తిండికి తిరిగే చుంచమ్మకి ఆ డబ్బా సంగతి బాగా తెలుసు.

పిల్లి అరుపుకి బల్లి సైతం గోడమీంచి జారబోయింది. డబ్బా తలకి తగిలించుకునే పిల్లి అటూ ఇటూ ఎగిరింది. పప్పులు, ఆవాలు, కడిగి బోర్లించిన గ్లాసులు అన్నీ కిందపడ్డాయి. "ఓసి నీ దుంపతెగ! పొద్దున్నించీ కడుక్కున్నదంతా నాశనం చేశావు కదే!" అంటూ రత్నకుమారి గారు స్టూలు దిగి, బకెట్టెడు సబ్బునీళ్లు దానిమీద కుమ్మరించి చీపురు అందుకుంది.

చుంచమ్మ అప్పటికే మొదటి పిల్లను పెరట్లో బట్టలుతికే బండ కిందికి చేర్చింది. రెండోదాన్ని, మూడోదాన్ని కూడా దాటించింది. నాలుగోదాని కోసం వచ్చేసరికి పిల్లిని వీధిలోకి తరిమేసి ఆవిడ తిరిగొచ్చేసింది. అర తలుపు కిర్రుమంది. వెలుతురు ఒక్కసారిగా గోనెసంచి మీద పడింది. తడిగుడ్డ పట్టుకున్న చెయ్యి లోపలికి వస్తోంది. చుంచమ్మ సంచి మడతలోనే నక్కింది. పిల్ల కీచుమంది. ఆ కీచు విని తల్లి దాన్ని నోట కరుచుకుని కన్నంలోకి దూకింది. తడిగుడ్డ దాని తోకను రాసుకుంటూ పోయింది.

మధ్యాహ్నానికి బల్లి గొట్టం వెంట పాకి వచ్చి బండ కింద తొంగి చూసింది. నాలుగు పిల్లలూ పాలు తాగుతున్నాయి. తల్లి తల పైకెత్తింది.

"పిల్లి ఏమైంది తాతా?"

"వీధి కుళాయి కింద మూతి పెట్టుకుని కూర్చుంది. కళ్లు వాచి తెరుచుకోవడం లేదు. ఎవరు పలకరించినా తుమ్మే సమాధానం."

సాయం చేస్తానని వచ్చినవాళ్లు ఏమేం అడుగుతున్నారో, ఎంత భయంలో ఉన్నా చెవిపెట్టి వినాలి.