తొక్కుడుబిళ్ళ ఆడిన కొంగ

ఒకప్పుడు కొంగ ఒంటికాలి మీద నిలబడేది కాదు. ఆ మాటకొస్తే రెండు కాళ్ళ మీద కూడా నిలబడేది కాదు. నీళ్ళలోకి దిగిందంటే చాలు, కాలుగాలిన పిల్లిలా అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు.

అవి మనుషులూ పక్షులూ ఒకే మాట మాట్లాడుకునే రోజులు. అలాగని మరీ అంత పాతకాలం అనుకోకండి. మునిసిపాలిటీలు అప్పటికే ఉన్నాయి. మురుగు కాలవలు కూడా ఉన్నాయి. అవి అప్పటికే పూడిపోయి కూడా ఉన్నాయి.

నందివలస అనే ఊరు పక్కన ఒక మడుగు ఉండేది. ఆ మడుగులో ఒక కొంగల గుంపు ఉండేది. ఆ గుంపులో అందరికన్నా చిన్న కొంగ పేరు గిలక. దానికి ఆ పేరు ఊరికే రాలేదు. నిద్రలో కూడా దాని కాళ్ళు కదులుతూనే ఉండేవి.

మిగతా కొంగలు చేపల వెంట పరుగెత్తి పరుగెత్తి, పదిసార్లు ముక్కుతో పొడిస్తే ఒక చేప దొరికేది. గిలకకి ఆ ఒక్కటీ లేదు. దాని కాళ్ళ చప్పుడు మడుగు అవతలి ఒడ్డుకి వినిపించేది. "గిలకమ్మ బయల్దేరింది, పదండి" అని చేపలు మూటా ముల్లే సర్దుకుని మెల్లగా ఇంకో మూలకి వెళ్ళిపోయేవి. వాటికి కంగారు కూడా ఉండేది కాదు. గిలకకి ఎక్కువ కోపం తెప్పించింది అదే.

ఒకరోజు మధ్యాహ్నం పెద్దమ్మ కొంగ దాన్ని పిలిచింది. పెద్దమ్మ అంటే ఆ గుంపుకి పెద్ద దిక్కు. ఆమె మాటకి తిరుగు లేదు.

"గిలకా, ఇవాళ పొద్దు వాలగానే మనం పెద్ద ఏటికి ఎగిరిపోతున్నాం. అక్కడ నీకు ఎవరూ తెచ్చి నోట్లో పెట్టరు. ఈలోగా నీ ముక్కుతో నువ్వు ఒక్క చేప పట్టి నాకు చూపించు. లేదంటావా, ఇక్కడే ఉండిపో. గేదెల వెనకాల తిరిగి ఈగలు ఏరుకుని బతుకుదువుగాని."

గేదెలంటే గిలకకి పడదు. ఒక గేదె దాని మీద తుమ్మింది కూడా. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. అందరూ ఎగిరిపోయాక ఆ మడుగు దగ్గర తను ఒక్కతే మిగిలిపోతే? ఆ ఆలోచనకే దానికి ఏడుపొచ్చింది.

ఇక్కడి చేపలకి తన సంగతి తెలిసిపోయింది కాబట్టి, తనని ఎరగని చేపలు ఎక్కడైనా ఉంటాయేమో చూద్దామని పైకి ఎగిరింది. ఎగిరి ఊరి మీదుగా వెళుతుంటే, సరిగ్గా ఊరి నడిమధ్య, గడియారం స్తంభం ఎదురుగా, ఏదో రంగురంగులుగా కనిపించింది. ఎర్రగా ఒకటి, పచ్చగా ఒకటి, నేల మీదేమో ఎనిమిది రంగుల గడులు.

"ఇంద్రధనుస్సు గానీ జారి పడిందా ఏమిటి!" అనుకుని గిలక కిందికి దిగింది. చేప సంగతి మరిచిపోయింది. మరిచిపోవడమే కదా దాని జబ్బు.

అది ఇంద్రధనుస్సు కాదు. మునిసిపాలిటీ వాళ్ళు పిల్లల కోసం కొత్తగా వేసిన ఆటస్థలం. గేటు దగ్గర ఒక బోర్డు ఉంది, పన్నెండేళ్ళు దాటినవారు లోపలికి రాకూడదని. ఆ బోర్డు పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నూకరత్నం అనే పిల్ల నిలబడి ఉంది. దానికి తొమ్మిదేళ్ళు. ఆ పని దానికి ఎవరూ అప్పగించలేదు, దానంతట అదే తీసుకుంది.

"నీకెన్నేళ్ళు?" అంది నూకరత్నం.

"రెండు వానాకాలాలు చూశాను."

"అలగయితే రా. సెప్పులు ఇడిసి రావాల." గిలక కాళ్ళకేసి చూసి, "నేవులే, వచ్చీ" అంది.

గిలక ముందు ఎర్ర జారుడుబల్ల ఎక్కింది. సర్రున జారింది. ముక్కు వెళ్ళి ఇసకలో మూరెడు దిగబడింది. ఇద్దరు పిల్లలు కాళ్ళు పట్టుకుని లాగితే బయటికొచ్చింది.

తర్వాత ఆకుపచ్చ ఊగుడుబల్ల ఎక్కింది. అవతలి కొసన ఒక మేకపోతు కూర్చుని ఉంది. దాని గడ్డం చూసి పన్నెండేళ్ళు దాటి ఉంటాయని అందరికీ అనుమానమే గానీ, అది ఒప్పుకోలేదు. ఇంతలో దానికి గేటు బయట అరటి తొక్క కనిపించింది. చెప్పా పెట్టకుండా దిగిపోయింది. గిలక దబ్బున కిందపడి కూలబడింది.

"నీకు కుదురు నేదు. నాతో తొక్కుడుబిళ్ళ ఆడు, కుదురు అదే వస్తది" అంది నూకరత్నం.

తొక్కుడుబిళ్ళలో ఆ ఊళ్ళో నూకరత్నాన్ని ఓడించినవాళ్ళు లేరు. ఎనిమిది రంగుల గడులూ దాని రాజ్యమే. అది గిలకకి ఆట చెప్పింది. పెంకు బిళ్ళ గడిలో వెయ్యాలి. ఒక కాలు మడిచి, రెండో కాలితో గెంతుతూ ఆ బిళ్ళని తన్నుకుంటూ పోవాలి. గీత తొక్కకూడదు. మడిచిన కాలు కింద పెట్టకూడదు. ఎనిమిది గడులూ దాటితే గెలిచినట్టు. గెలిచినవాళ్ళకి ఒక గడి సొంతం. అందులో దర్జాగా రెండు కాళ్ళూ పెట్టుకుని నిలబడొచ్చు, ఇంకెవరూ దాన్ని తొక్కకూడదు.

మొదటిసారి గిలక మొదటి గడిలోనే పడింది. రెండోసారి కూడా మొదటి గడిలోనే పడింది. మూడోసారి ఎలాగో రెండో గడికి వెళ్ళి, ఆ సంబరంలో రెండు కాళ్ళూ కింద పెట్టేసింది.

"ఒలే, నీ కళ్ళు ఊరంతా తిరుగుతన్నాయి, మరి కాలెలగ నిలుస్తది?" అని కసిరింది నూకరత్నం. "ఒక్క దిక్కే సూడు. నీ కాలి ముందర ఏటుందో అదొక్కటే సూడు."

గిలక అలాగే చూసింది. ఎర్ర గడి దాటింది. పసుపు గడి దాటింది. ఆశ్చర్యం! కాలు చెప్పినమాట విన్నది. పుట్టి బుద్ధెరిగాక దాని కాలు దాని మాట వినడం అదే మొదటిసారి. మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఏడోది నీలం గడి. అందులోకి దిగి ఒంటికాలి మీద నిలబడింది. ఇంకొక్క గడి మిగిలింది.

నూకరత్నం మొహం కొంచెం మాడింది. ఓడిపోవడం దానికి అలవాటు లేదు మరి.

అప్పుడే వీధి చివర్నుంచి కేక వినిపించింది. "ఒలే నూకీ! మొయిలు పట్టేసింది! ఆరేసిన గుడ్డలు తియ్యి, బేగి!"

అది వాళ్ళమ్మ గొంతు. నూకరత్నం పరుగు తీస్తూ వెనక్కి తిరిగి, "నాను వచ్చీవరకు కాలు దించకు! దించినావంటే ఓడిపోయినట్టే!" అని చెప్పి పోయింది.

వాన మొదలైంది. చినుకు కాదు, కుండపోత. పిల్లలంతా ఇళ్ళకి పారిపోయారు. మేకపోతు జారుడుబల్ల కిందికి దూరింది. గిలక మాత్రం నీలం గడిలో కాలు మడుచుకుని అలాగే నిలబడింది.

నందివలసలో గట్టి వాన పడితే అన్నిటికన్నా ముందు మునిగేది ఊరి సెంటరే. కాలవలు పూడిపోయి ఉన్నాయని చెప్పాను కదా. ఊళ్ళో నీళ్ళు బయటికి పోలేదు సరికదా, పొంగిన మడుగు నీళ్ళే ఊళ్ళోకి వచ్చాయి. నీళ్ళతో పాటు చేపలూ వచ్చాయి. కొత్త ఆటస్థలం చూడాలని వాటికీ సరదాయే. పిల్ల చేపలు ఉయ్యాలల కింద దాగుడుమూతలు మొదలుపెట్టాయి.

రెండు పెద్ద చేపలు షికారు చేస్తూ గిలక కాలి దగ్గరికి వచ్చాయి.

"ఇదేమిటోయ్, ఇక్కడ స్తంభం వేశారు?" అంది ఒకటి.

"ఒక్కటే వేశారేం? పక్కన ఇంకోటి ఉండాలే!"

"రెండోది కాంట్రాక్టరు మింగేసి ఉంటాడు."

"ఏదైనా గట్టిగానే వేశాడు" అని మొదటి చేప తన వీపుని గిలక కాలికేసి హాయిగా గోక్కుంది.

గిలకకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ కాలు దించితే ఓడిపోతుంది. అందుకని కాలి ముందర ఏముందో అదొక్కటే చూసింది. అక్కడ చేప ఉంది. టక్కున ముక్కు దించింది. గుటుక్కుమంది.

గిలక నమ్మలేకపోయింది. చేప! తన ముక్కుతో తను పట్టిన చేప! కడుపులోకి వెళ్ళిపోయాక గానీ దానికి అసలు విషయం గుర్తు రాలేదు. పెద్దమ్మకి చూపించాలి కదా!

"అయ్యో నా తొందర మండిపోనూ" అని తిట్టుకుని మళ్ళీ కదలకుండా నిలబడింది. కాసేపటికి రెండో చేప వచ్చింది. ఈసారి మింగకుండా ముక్కున కరుచుకుంది. వాన వెలిసింది. పొద్దు వాలుతోంది. ఎగిరి వెళ్ళి చూపిద్దామంటే గడి వదలాలి. గడి వదిలితే ఆట పోతుంది. వెళ్ళకపోతే గుంపు పోతుంది. పెద్దమ్మని పిలుద్దామంటే నోట్లో చేప.

గిలక కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా కాలు దించలేదు. "ఇన్నాళ్ళకి నా కాలు నా మాట విన్నది. ఇప్పుడు నేను దాని పరువు తియ్యను" అనుకుంది.

అదృష్టం కొద్దీ పెద్దమ్మే వెతుక్కుంటూ వచ్చింది. పిల్ల కనపడలేదని ఆమెకి లోపల ఒకటే ఆరాటం. పైకి మాత్రం గుంపునంతా వెంటేసుకుని వచ్చి గద్దించింది. "పొద్దు వాలింది! ఏదే చేప?"

"ఇదిగో పెద్దమ్మా!" అని గిలక నోరు తెరిచింది. తెరవగానే చేప జారి నీళ్ళలో పడి, "స్తంభం కరుస్తోంది బాబోయ్!" అని అరుస్తూ పారిపోయింది.

"నీకు పిచ్చి గానీ పట్టిందా? స్తంభాలు కరుస్తాయా?" అని మిగతా చేపలు నవ్వాయి.

పెద్దమ్మ ఖాళీ ముక్కుకేసి చూసింది. కొంగలన్నీ ఖాళీ ముక్కుకేసి చూశాయి.

"ఒక్క నిమిషం ఆగు పెద్దమ్మా" అంది గిలక. గొంతు వణికింది గానీ కాలు వణకలేదు. కళ్ళు ఒక్క దిక్కే నిలిపింది. నవ్విన చేపల్లో ఒకటి, చూడండి స్తంభం ఏమీ చెయ్యదు అని చూపించడానికి దగ్గరికొచ్చింది. టక్!

పెద్దమ్మ, ఎవరూ చూడటం లేదనుకుని, తనూ ఒక కాలు మెల్లగా పైకి మడిచింది. చేప దొరికింది. అది చూసి గుంపంతా కాళ్ళు మడిచేసింది.

అప్పుడొచ్చింది నూకరత్నం, నెత్తిన గోనెసంచి ముసుగేసుకుని. ఆటస్థలం నిండా నలభై కొంగలు ఒంటికాలి మీద!

"ఒలమ్మో! ఇంతమందిని తెచ్చీసినావేటి ఆటకి?"

"నేను కాలు దించలేదు. ఇంకొక్క గడే మిగిలింది" అంది గిలక.

నూకరత్నం నీళ్ళకేసి చూసింది. ఎనిమిదో గడి ఎక్కడుందో దేవుడికే తెలియాలి. నూకరత్నం మంచిదే గానీ, ఓటమి ఊరికే ఒప్పుకునే రకం కాదు.

"గీతలు కనపడకుండా గెంతితే సెల్లదు. నీళ్ళున్నంతసేపూ ఆట ఆగినట్టే. ఎవులెక్కడున్నోలు అక్కడే, ఒంటికాలి మీదే. నీళ్ళు తీసీసినాక ఆడదాం."

"మేం పెద్ద ఏటికి వెళ్ళిపోతున్నాం మరి!"

"ఏట్లోవి నీళ్ళు కాదేటి? అక్కడా ఇదే లెక్క."

"తూచ్ అనేసి రావే గిలకా, చీకటి పడుతోంది" అంది పెద్దమ్మ. ఈసారి ఆమె గొంతులో గద్దింపు లేదు.

"గెలిచే ఆటలో తూచ్ ఎవరంటారు పెద్దమ్మా?" అంది గిలక.

కొంగలు ఒక్కటొక్కటే ఎగిరాయి. నూకరత్నం నీళ్ళలో నిలబడి పైకి చూసింది. దానికి దుఃఖం వచ్చింది. తనని ఓడించేంత బాగా ఆడేవాళ్ళు ఇంతకాలానికి ఒకరు దొరికితే, వాళ్ళూ వెళ్ళిపోతున్నారు.

"మళ్ళీ వస్తావేటి?" అని అరిచింది.

"రాకెక్కడికి పోతాను? ఆట మిగిలే ఉంది కదా!" అని పైనుంచి గిలక కేక వేసింది.

కానీ ఏట్లో నీళ్ళు ఎప్పుడు తీస్తాయి, చెప్పండి? కొంగలుండే చోట నీళ్ళుంటాయి, నీళ్ళున్న చోటే కొంగలుంటాయి. పట్టుకున్న మాట మాత్రం కొంగ వదల్లేదు. లోకులకి ఈ సంగతి తెలియక దాన్ని దొంగజపం అని ఆడిపోసుకుంటారు. అననివ్వండి. అప్పటినుంచే నీళ్ళలోకి దిగిన కొంగ ఒక కాలు మడుచుకుని, ఒక్క దిక్కే చూస్తూ నిలబడుతుంది. మధ్యమధ్యలో అటూ ఇటూ చూసి చటుక్కున కాలు మార్చుకుంటుంది. అది తొండే, కాదనను. ఇన్నేళ్ళ నుంచి ఆడుతున్న ఆటలో ఆ మాత్రం తొండి ఎవరు చెయ్యరు?