గంప దించిన చోటు

రండి, రండి. ఇలా దగ్గరికి జరిగి కూచోండి. గోడకి చేరగిలబడ్డ పెద్దాయనా, మీరూ ముందుకి రావాలి, ఇది గట్టిగా అరిచి చెప్పే కథ కాదు. సెల్‌ఫోన్లని కాసేపు సంచుల్లో పడుకోనివ్వండి. ఆ పరమాత్మ ఎక్కడ దాక్కుని మనకి పాఠం చెప్తాడో ఎవరికెరుక? ఈసారి ఆయన ఒక కంప్యూటర్ చాటున కూచున్నాడు. నవ్వకండమ్మా, వినండి.

తవిటినాయుడికి కుదురు లేదు.

కూచుంటే మోకాలు ఆడుతుంది, నిలబడితే వేళ్లు ఆడతాయి. జపానికి కూచున్నా పెదవుల మీద మంత్రం, మనసులో ఇంకేదో. వంశధార ఒడ్డున సోమలింగస్వామి ఆశ్రమంలో ఉంటున్నాడు, కాస్తయినా నిమ్మళం పట్టుబడాలి కదా అంటారు మీరు. పట్టుబడలేదు. దానికి కారణం ఒక గంప.

వెదురు గంప కాదు లెండి. స్వామి పూర్వాశ్రమంలో కంప్యూటర్ల ఇంజనీరు. కాషాయం కట్టాక ఆ విద్యని ఏట్లో కలపలేదు, సేవలో కలిపారు. కంప్యూటర్లోకి ఒక సాఫ్ట్‌వేర్ తేవాలంటే దానికి తోడు ఇంకొకటి కావాలి, ఆ తోడుకి మరో తోడు కావాలి. పెళ్లికి ఒకరిని పిలిస్తే చుట్టపక్కాలంతా కదిలినట్టు. వాళ్లందర్నీ ఒక్క పిలుపుతో వెంటబెట్టుకొచ్చి, ఎవర్ని ఎక్కడ కూచోబెట్టాలో చూసుకునే ఏర్పాటొకటి స్వామీ, శిష్యులూ కలిసి అల్లారు. దాని పేరే గంప. అది ఎవరి సొత్తూ కాదు. అన్నం వడ్డించడమే కాదు, వంట ఎలా చేశారో కూడా విస్తరి పక్కనే చెప్పేస్తారన్నమాట. లోపలి రాతంతా బాహాటం. ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు, పంచుకోవచ్చు.

అయితే ఆ గంపని ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం అల్లారు. సీతంపేట కొండల్లో ఒక చిన్న బడి ఉంది. అక్కడి కంప్యూటర్లలో ఉన్నది వేరే ఆపరేటింగ్ సిస్టమ్. ఆ బడిలో సుక్కమ్మ టీచరు సవర పిల్లలకి సవర భాషలోనే వాచకాలు తయారుచేస్తోంది. ఆ అక్షరాలూ, పేజీలు కట్టే సరంజామా అంతా గంపలో ఉన్నాయని విని, "మా బళ్లో కూడా ఆ గంప దించండి సామీ" అని కబురు పెట్టింది.

"నేను వెళ్తాను స్వామీ" అని లేచాడు తవిటినాయుడు, ఇంకెవరూ నోరు తెరవకముందే.

స్వామి అతని వంక చూసి, "వెళ్లిరా. అక్కడ సరిగ్గా దించి వస్తే, ఇక గంప బాగోగులు నీవే. నా కళ్లు మసకబారుతున్నాయి" అన్నారు.

ఆ మాట చాలదూ! ఆ రోజునుంచి తవిటినాయుడి కాళ్లు నేల మీద నిలవలేదు.

కొండెక్కాడు. కంప్యూటర్ ముందు కూచున్నాడు. అక్కడ మొదలైంది తంటా. మన ఆశ్రమం యంత్రంలో ఫైళ్లని మూట కట్టే పనిముట్టు ఒకటుంది, బడి యంత్రంలోనూ ఒకటుంది. పేరు ఒకటే. ముడి వేసే తీరు మాత్రం వేరు. వెతికి పెట్టే పనిముట్టుదీ అదే వరస. గంప తన అలవాటు చొప్పున ఒకటి అడుగుతుంది, ఆ యంత్రం తన అలవాటు చొప్పున ఇంకొకటి అందిస్తుంది. మామిడికాయ అడిగితే చింతకాయ. గంపకి కొత్త ఇంటి మర్యాద నేర్పాలంటే ఓపిక కావాలి, దినాలు పడుతుంది. తవిటినాయుడికి అంత ఓపిక ఎక్కడిది?

"అసలు గొడవే లేకుండా చేస్తాను" అనుకున్నాడు. ఆ యంత్రం పనిముట్లు తీసి పారేశాడు. వాటి స్థానంలో మనవి పెట్టాడు. ఇదిక్కడ, అదక్కడ అని అన్నీ మన ఇంట్లో ఉన్నట్టే సర్దేశాడు.

గంప గలగలా నడిచింది. తెర మీద సవర అక్షరాలు తేలాయి. సుక్కమ్మ టీచరు అల్లం టీ ఇస్తే సగం తాగి, సగం వదిలేసి, కూనిరాగం తీస్తూ కొండ దిగాడు.

వారం తిరగకుండా ఆమె దగ్గర్నుంచి ఫోను.

"ఏటి బాబూ, ఏటి సేసినారు మీరు?"

"ఏమైందమ్మా?"

"మా ముసలోళ్లు సెప్పిన కతలన్నీ ఇందులో రికార్డు సేసి పెడతన్నాం కదా. సాయంత్రమయితే ఈ కంప్యూటరే వాటిని మూట కట్టి ఇంకో డిస్కులో దాస్తది. మీరెళ్లిన కాడ్నించీ మూటలయితే వస్తన్నాయి. ఇప్పి సూత్తే లోపల ఏటీ నేదు!"

తవిటినాయుడికి అప్పుడు తట్టింది. సాయంత్రం ఆ యంత్రం పిలిచేది తన పాత పనిముట్టుని. ఇప్పుడు ఆ పేరుతో పలుకుతున్నది మనది, దాని మాట తెలియక ఉత్త మూట కడుతోంది.

"అసలు రికార్డులు ఉన్నాయా అమ్మా?"

"ఉన్నాయి కాబట్టే మాటాడతన్నాను, నేకపోతే తిడుదును. ఆ కతలు సెప్పిన గుంపమ్మవ్వకి ఊపిరాడ్డం నేదు. ఇంకో పాలి సెప్పమంటే సెప్పగలదా? మీ గంప మాకొద్దు బాబూ. తీసుకుపోండి."

"ఇక్కణ్ణుంచే తీసేస్తానమ్మా, ఇప్పుడే" అన్నాడు.

ఆశ్రమం నుంచే ఆ యంత్రానికి లంకె కలుపుకుని కూచున్నాడు. తీయాలి. ఏది తీయాలి? ఎక్కడ ఏం పెట్టాడో కొంత గుర్తుంది, కొంత లేదు. అంతకుముందు అక్కడ ఏముండేదో? అది చూడనే లేదు. పెట్టడమే తెలిసిన చేతికి తీయడం తెలియలేదు.

లేచాడు, కూచున్నాడు, మళ్లీ లేచాడు. సిగ్గు ఎక్కువసేపు మోయలేని బరువు కదా, మనలాగే అతనూ దాన్ని పక్కవాడి నెత్తిన పెట్టేశాడు. విసవిసా స్వామి దగ్గరికి నడిచాడు.

స్వామి వసారాలో అడ్డాకులు ముందేసుకుని విస్తళ్లు కుడుతున్నారు.

జరిగిందంతా చెప్పి, "ఆ సిస్టమే వంకర స్వామీ! ఏదీ ఉండాల్సిన చోట లేదు" అన్నాడు తవిటినాయుడు.

స్వామి ఆకులో పుల్ల గుచ్చి, కొస తుంచేశారు. "నా కుటీరం మీద ఇవాళ తాటాకు మారుస్తున్నారోయ్. ఈ పూటకి నీ గదిలో తలదాచుకోనా?"

"ఎంతమాట స్వామీ! మీ గదే అనుకోండి."

"నాదే అనుకోనా?"

"మీదే స్వామీ!"

స్వామి భుజాన జోలె తగిలించుకుని వెళ్లారు. తవిటినాయుడు తల కాస్త చల్లబడుతుందేమోనని ఏటికి స్నానానికి వెళ్లాడు.

తిరిగొచ్చి గడప దాటాడో లేదో, కాలికి కుండ తగిలింది. నీళ్లు బుడబుడా ఒలికాయి. మూలనుండే కుండ గడప దగ్గరికి ఎందుకొచ్చింది? తువ్వాలు కోసం చెయ్యి చాపితే దండెం లేదు. చాప లేదు. అద్దం ఉన్నచోట పంచాంగం వేలాడుతోంది. ఇంతలో ఫోను మోగింది. సుక్కమ్మ టీచరే అయ్యుంటుంది. ఎక్కణ్ణుంచి మోగుతోంది? గొంతు నొక్కేసినట్టు, ఎక్కడో పాతాళంలోంచి మోగుతోంది. బల్ల కింద చూశాడు. మంచం ఎత్తి చూశాడు. మోగి మోగి ఆగిపోయింది.

"బియ్యం డబ్బాలో ఉందోయ్" అన్నారు కిటికీ దగ్గర కూచున్న స్వామి. "నేను అందులోనే పెట్టుకుంటాను. మోగినా జపం చెడదు."

"స్వామీ... ఇదంతా ఏమిటి?"

"ఏదీ ఉండాల్సిన చోట లేదు. సర్దాను."

"ఉండాల్సిన చోటంటే?"

"నా కుటీరంలో ఎక్కడుంటాయో అక్కడ. హాయిగా లేదూ? నాకైతే కళ్లు మూసుకున్నా అన్నీ చేతికి అందుతున్నాయి."

గురువుని ఏమంటాం? తవిటినాయుడు పళ్లు బిగించి, బియ్యంలోంచి ఫోను తవ్వి తీసి, సుక్కమ్మకి జవాబు రాద్దామని బల్ల దగ్గర కూచున్నాడు. మోచెయ్యి ఆనించాడు. బల్ల ఒక్కసారిగా ఒరిగింది. దాని మీదున్న మజ్జిగ గ్లాసు దొర్లింది. వంగి కోడు కింద చూశాడు.

"ఇక్కడ కొబ్బరిచిప్ప ముక్క ఉండాలే!"

"అదా? పనీపాటా లేకుండా పడుందని ఊడ్చేశాను."

"పనిలేకపోవడమేమిటి స్వామీ, ఈ బల్లని మోస్తున్నది అదే..."

మాట సగంలో ఆగిపోయింది.

మజ్జిగ బల్ల అంచున చుక్క చుక్కగా కారుతోంది. అతని మోకాలు కూడా ఆడటం మానేసింది.

"అయ్యో, తప్పయిందోయ్" అని లేచారు స్వామి. "తీసేస్తాను. ఎలా ఉందో అలాగే పెట్టేసి పోతాను." ఆ ఒలికిన కుండని రెండు చేతులా ఎత్తుకుని గది మధ్యకొచ్చి నిలబడ్డారు. ఇటు చూశారు. అటు చూశారు. "ఇది ఎక్కడుండేది?"

తవిటినాయుడు మూల చూపించాడు. స్వామి అక్కడ దించి, దండెం కర్ర అందుకున్నారు.

"ఇది?"

"ఆ గోడకి."

"ఏ ఎత్తున?"

తవిటినాయుడు నోరు తెరిచాడు. రోజూ తువ్వాలు వేసుకునే దండెమే. చేతికి తెలుసు గానీ చెప్పడానికి రాలేదు. డెబ్బయి దాటిన మనిషి, ఆ కర్ర పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక, జవాబు కోసం పసివాడిలా చూస్తున్నారు. ఆ చూపుని తవిటినాయుడు తట్టుకోలేకపోయాడు. గబగబా వెళ్లి ఆ కర్ర తనే అందుకున్నాడు.

ఇద్దరూ కలిసి ఒక్కొక్కటీ పాత చోట పెట్టారు.

గది సర్దడం అయ్యాక స్వామి తలుపు పక్క మూలకి వెళ్లారు. అక్కడున్న మేకుకి తన జోలె తగిలించారు. అందులోంచే తన చెంబు తీసుకుని నీళ్లు తాగారు, తన దుప్పటే పరుచుకుని పడుకున్నారు. సాయంత్రానికి కప్పు కట్టడం అయిందని కబురొచ్చింది. దుప్పటి జోలెలో పెట్టుకుని, జోలె భుజాన వేసుకుని, "వెళ్లొస్తానోయ్" అన్నారు.

తవిటినాయుడు ఆ మూల వంక చూశాడు. మేకు ఉంది. అంతే.

మర్నాడు తొలి బస్సుకే కొండెక్కాడు.

సుక్కమ్మ టీచరు గుమ్మంలోనే నిలబడింది. "తీసుకుపోడానికే కదా వచ్చినారు?"

"అవునమ్మా. కానీ ముందు నాకు మీరు చెప్పాలి. ఈ కంప్యూటర్ పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీకు ఏమేం చేసిపెడుతుంది?"

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "మొన్న వచ్చినప్పుడు మంచినీళ్లు ఎక్కడున్నాయని కూడా అడగనేదు. ఇయ్యాల ఏటి, ఇన్ని పెస్నలు?"

"మంచినీళ్లు ఎక్కడున్నాయమ్మా?"

ఆమె నవ్వాపుకోలేకపోయింది. కుండ చూపించింది. అతను తాగి, గ్లాసు కడిగి, తీసినచోటే బోర్లించి కూచున్నాడు. ఆమె చెప్పుకుపోయింది, అతను విన్నాడు. బడిలో తాను ముట్టుకోని యంత్రం ఇంకొకటి ఉంది. దాన్ని చూసి చూసి, ఏది ఎక్కడుండేదో పోల్చుకుని, ఒక్కొక్క పనిముట్టునీ అందులోంచే తెచ్చి దాని చోట దాన్ని తిరిగి పెట్టాడు. ఆ సాయంత్రం మూట కట్టుకుంది. విప్పి చూస్తే గుంపమ్మవ్వ గొంతు దగ్గుతూ, దగ్గుతూనే నవ్వుతూ కథ మొదలుపెట్టింది. సుక్కమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

అప్పుడు మొదలుపెట్టాడు అసలు పని. ఆ యంత్రంలో ఒకే ఒక్క మూల అడిగి తీసుకున్నాడు. గంప అంతా ఆ మూలనే ఉండాలి. ఆ ఇంటి పనిముట్టు కావాలంటే ఆ ఇంటి పద్ధతిలోనే అడగాలి. కుదరకపోతే తనది తన జోలెలోనే తెచ్చుకోవాలి. దినాలు పట్టింది. మోకాలు ఆడుతూనే ఉంది, మధ్యలో లేచి కొండ చుట్టూ తిరిగొచ్చేవాడు, అయినా వచ్చి మళ్లీ కూచునేవాడు.

అంతా అయ్యాక టీచర్ని పిలిచాడు. గంప దించాడు. ఆమె సవర వాచకం పేజీ ఒకటి తెర మీద నిలిచింది. ఆమె చూస్తుండగానే గంప ఎత్తేశాడు. మూల ఖాళీ.

"ఇప్పుడు చూడండమ్మా, మీ ఇంట్లో ఏదైనా తేడా ఉందేమో."

ఆమె అన్నీ నొక్కి చూసింది. మూట విప్పి చూసింది. అవ్వ దగ్గు విన్నది.

"అయితే ఇప్పుడు దించు నాయినా" అంది.

ఆశ్రమానికి తిరిగొచ్చేసరికి స్వామి వసారాలో విస్తళ్లు కుడుతూనే ఉన్నారు.

"గంప దించావా?"

"ముందు ఎత్తి చూపించాను స్వామీ."

స్వామి చెయ్యి ఆగింది. చాప మీద కాస్త పక్కకి జరిగి చోటిచ్చారు. కుడుతున్న విస్తరిని అలాగే, సగంలోనే, అతని ముందుకి తోశారు.

"ఇక నువ్వు కుట్టు."

తవిటినాయుడు కూచున్నాడు. పుల్ల కోసం చెయ్యి చాపబోయి, ఆగి, "పుల్లలు ఎక్కడ పెట్టుకుంటారు స్వామీ?" అని అడిగాడు.

అదండీ సంగతి. ఈ కథలో మీకు ఇంకేదీ గుర్తులేకపోయినా ఫరవాలేదు. ఆ ముసలాయన కుండ ఎత్తుకుని గది మధ్య నిలబడి "ఇది ఎక్కడుండేది?" అని అడిగారే, ఆ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి. ఇంటికెళ్లాక ఒక్కరికైనా చెప్పండి. ఇక లేవండి, దేవుడికి దణ్ణం పెట్టుకోండి. లేచేటప్పుడు మీరు కూచున్న చాపలు తెచ్చినచోటే పెట్టి వెళ్లండమ్మా.