సోమిదేవమ్మ మడిమూట

అనగనగనగా, కొండ కింద కోడిపెట్టలా ఒదిగి కూచున్న ఒక ఊళ్ళో సోమిదేవమ్మని ఒకావిడ. ఆవిడకి పేరిందేవని కొత్తకోడలు. ఊ కొట్టండర్రా, గోడకి చెబుతున్నానా?

కొండ మీద నరసింహస్వామి. దారిలో మెట్లూ గిట్లూ లేవు, అన్నీ రాళ్ళే. పైకెళ్ళి మడిగా, తన చేత్తో స్వామికి పులిహోర చేసి పెడతానని అత్తగారు మొక్కుకుంది. మొక్కు ఆవిడది, సామాను సర్దడం కోడలిది.

"ఏవే, కొండమీద నా నోటివెంట ఫలానాది లేదే అన్న మాట వచ్చిందో, అట్నుంచటే నిన్ను పుట్టింటికి పంపించేస్తాను" అంది.

పేరిందేవి పుట్టింట్లో ఉన్నది సవతితల్లి, గుమ్మం తొక్కనివ్వదు.

ఇక అత్తగారు మొదలెట్టింది. కట్టుకోడానికి మడిచీర. చీర నేలకి తగలకుండా పీట. పీట తడవకుండా గొడుగు. గొడుగు వెలవకుండా దుప్పటి. దుప్పటికి దుమ్మంటకుండా చాప. చాప చుట్టడానికి తాడు. తాడు తెగితే ఇంకో తాడు! నీళ్ళకి మరచెంబు. మరచెంబంటే నాకు గుర్తొచ్చిందర్రా, మా పెద్దాడపడుచు నా మరచెంబు పట్టుకెళ్ళి ముప్పై ఏళ్ళయింది, ఈనాటికీ తేలేదు. పోయిన మనిషిని ఏమంటాం? అంటాను, ఎందుకనను!

పేరిందేవి దేనికీ కాదనలేదు. బియ్యం, చింతపండుతో సహా అన్నీ మూటగట్టింది. తను మాత్రం అటకమీది పాత గొంగళి దులిపి మీద కప్పుకుంది.

"గొర్రెలు కాయడానికొస్తున్నావటే?" అంది అత్తగారు.

తెల్లారింది. మూట ఎవరెత్తాలి? కొడుకు చెయ్యి వెయ్యబోతే, "చొక్కా తొడుక్కుని మడిమూట ముట్టుకుంటావట్రా!" అని కసిరింది. కూలివాడు వంగితే, హరిహరీ అంది. కోడలేమో, "నాది పడుకున్న చీరండీ, మడికి పనికిరాదు అత్తయ్యగారూ" అని దూరం జరిగింది. ఇలాగవుతుందని పేరిందేవికి రాత్రే తెలుసు. ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు. మూట అత్తగారి నెత్తికే ఎక్కింది.

ఊ కొడుతున్నారా, గురకలా అవి?

మొదటి మలుపులో, పైన రాళ్ళున్నాయి కదా చాపెందుకని చాప వదిలేసింది. రెండో మలుపులో పీట, దుప్పటి. మూడో మలుపులో, ఎండ లేదు కదా అని గొడుగు. గొడుగలా పడేసిందో లేదో, దబదబా వాన! కట్టుకున్న చీరా తడిసింది, మూటలో చీరా తడిసింది. పైకెళ్ళేసరికి పళ్ళు టకటక. తడిబట్టతోనే వండుదామంటే చేతులు వణికి గరిటె నిలవలేదు.

"అయ్యో, పొడిబట్ట లే..." అంటుండగానే గబుక్కున పేరిందేవి గొంగళి తీసి ఆవిడ మీద కప్పేసింది. వాన పైపైనే జారిపోయి లోపల వెచ్చగా ఉంది.

"ముట్టుకున్నావే, ముదనష్టపుదానా!"

"ఉన్నికి మైల లేదుటండీ అత్తయ్యగారూ. ఆచారం మీకు తెలీనిదా?"

తెలీదని అనలేదు కదా! పైగా చలి. తడిచీర విప్పి గొంగళి చుట్టుకుని పొయ్యి రాజేసింది. ఎలుగుబంటి వంట చేస్తోందనుకుని పూజారి గుళ్ళోకి పరిగెత్తి గడియ పెట్టుకున్నాడు. స్వామి కూడా ఉలిక్కిపడే ఉంటాడు, పాపం! మొక్కు మాత్రం తీరింది.

కిందకొచ్చాక, గొంగళి తెమ్మన్నది నేనేనని ఊరంతా చెప్పుకుంది ఆవిడ. చెప్పుకోనీ అనుకుంది పేరిందేవి. సగం మాటకి ఎవరూ పుట్టింటికి పంపరు కదా! మరుసటేడు మాత్రం అత్తగారే వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏం పట్టుకెళ్దామే, అమ్మాయీ?" అని అడిగింది.

కొండెక్కే ముందు మూట ఎత్తి చూసుకోండర్రా, సర్ది ఊరుకోవడం కాదు. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లు లాక్కోకుండా పడుకోండి.