రాయి ఏరనిదే బంతి కదలని ఉప్పరమిట్ట

ఉప్పరమిట్ట బస్టాండులో దిగి ఉత్తరానికి రెండు ఫర్లాంగులు నడిస్తే హైస్కూలు, దాని వెనుక ఫుట్‌బాల్ మైదానం కనిపిస్తాయి. మైదానానికి ఈశాన్యమూల రెండు నిలువుల ఎత్తున రాళ్ళగుట్ట ఉంది. దాని పేరు మాస్టారి గుట్ట. దాని మీద విగ్రహం లేదు, గంట లేదు, హుండీ అసలే లేదు. వచ్చినవారు గేటు దగ్గర చెప్పులు విడిచి, మైదానంలో ఒక రాయి వెతికి ఏరి, గుట్ట మీద వేసి, ఆ తరువాతే ఆట చూడడానికి కూర్చోవాలి. ఈ ఆచారం ఎలా వచ్చిందో తెలియక కొందరు గుట్టకు కొబ్బరికాయలు కొడుతున్నారు. ఆ పెంకులు ఏరలేక పిల్లలు చస్తున్నారు కనుక ఈ చరిత్ర రాయవలసి వచ్చింది.

పూర్వం ఇక్కడ ఆటల మాట దేవుడెరుగు, గడ్డిపోచ కూడా లేదు. గొర్రెలు సైతం పడుకోవడానికి ఇష్టపడని రాళ్ళనేల. ఆ కాలంలో ఓబులేసు అనే డ్రిల్లు మాస్టారు బదిలీ మీద ఈ బడికి వచ్చారు. సన్నగా, పొడుగ్గా, మెడలో ఈల తప్ప మరో ఆభరణం లేని మనిషి. మునులు తపస్సుకు తగిన చోటు తామే వెతుక్కున్నారు. ఈయనకు ప్రభుత్వమే వెతికి ఇచ్చింది. కాళ్ళకు చెప్పులైనా లేని పిల్లలను పోగుచేసి, ఒక్క బంతితో ఫుట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టారు.

ఆయన పెట్టిన నియమం ఒకటే. పొద్దున ఆరింటికి ఈల మోగాక వచ్చినవాడు పాతిక రాళ్ళు ఏరి మూలన వేయాలి. నేల బాగుపడింది, పిల్లలకు వేళ తెలిసింది, పుణ్యమూ పురుషార్థమూ రెండూ దక్కాయి. అయితే రాయి ఏరడం తప్పు చేసినవాడి పని అన్న భావం కూడా అందరి మనసుల్లో పాతుకుపోయింది. వేళకు వచ్చినవాడు కాలి ముందు రాయి ఉన్నా వంగేవాడు కాడు. మాస్టారూ వంగేవారు కారు.

ఏడేళ్ళకు ఆ జట్టు జిల్లా ఫైనలుకు చేరింది. ఆట ఉప్పరమిట్టలోనే. జట్టుకు ప్రాణం సుంకన్న, గొర్రెలు కాసే బీరప్ప కొడుకు. ఆ రోజు బాగా ఆడితే అతన్ని హైదరాబాదులో ఆటల హాస్టలుకు తీసుకోవడానికి పెద్దలు వస్తున్నారు. ముందురోజు వాన కురిసి పైమట్టి కొట్టుకుపోయింది. ఆ సాయంత్రం మైదానం చూసుకుంటున్న మాస్టారికి గోలుకు పది అడుగుల దూరంలో పిడికెడు రాయి ఒకటి పైకి తేలి కనిపించింది. వంగబోయి ఆగారు. రేపు ఎవడో ఒకడు ఆలస్యంగా రాకపోడు, వాడే తీస్తాడు అనుకున్నారు.

మరునాడు పదకొండు మందీ ఆరుకు ముందే వచ్చి వరుసలో నిలబడ్డారు. అంతటి ముచ్చట ఆయన ఏడేళ్ళలో ఎన్నడూ చూడలేదు. ఆ సంబరంలో రాయి సంగతి మరిచిపోయారు.

ఆట ఇంకో పావుగంటలో ముగుస్తుందనగా సుంకన్న బంతితో ఒంటరిగా గోలు మీదికి దూసుకుపోయాడు. ఊరు ఊరంతా లేచి నిలబడింది. ఆ రాయే కాలికి తగిలింది. మోకాలు విరిగిన చప్పుడు గట్టు మీద ఉన్నవాళ్ళకు కూడా వినిపించింది. ఆట పోయింది, హైదరాబాదు పోయింది. ఆ కాలు ఇక పరుగుకు పనికిరాదని పెద్దాసుపత్రిలో చెప్పారు.

అందరూ తలరాత అన్నారు. నిజం మాస్టారు ఒక్కరికే తెలుసు. దాచుకుంటే దాగేదే. దాచలేక మూడోరోజు బీరప్ప ఇంటికి వెళ్ళి, గుమ్మం ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పారు.

"రాయిని చూసి గూడా తియ్యలేదు బీరప్పా. వంగేది నామోషీ అనుకున్యా. ఈ ఊర్లో తిరిగే మొగం నాకు లేదు. బదిలీకి రాసుకుంటా."

కొడుకు పడుకున్న మంచం వైపు చూసి బీరప్ప అన్నాడు. "పోతే పోండి అయ్యవారూ. మీ ఎంబడి ఆ రాళ్ళు గూడా వస్తాయంటే చెప్పండి, బండి గట్టిస్తా. అవి ఈడనే ఉంటాయంటే మాత్రం, నా కొడుకు పడినచోట ఇంకొకరి బిడ్డ పడతాడు."

ఆ రాత్రి దేవుడు మాస్టారి కలలోకి వచ్చి ఆనతిచ్చాడని కొందరు చెబుతారు. ఆయననే అడిగితే, "నిద్ర పట్టినోనికి గదా కల వచ్చేది" అన్నారట.

మరునాడు ఆరింటికి ఈల మోగలేదు. పిల్లలు వచ్చేసరికి మాస్టారు మైదానం నడుమ వంగి రాళ్ళు ఏరుతున్నారు. తప్పు చేసినవాడి పని ఆయన చేస్తుంటే ఎటు చూడాలో తెలియక వాళ్ళు గట్టు మీదే నిలబడిపోయారు. రమ్మని ఆయన పిలవలేదు. రెండు నెలలు అలాగే గడిచాయి. ఒక పొద్దున సుంకన్న చంకకర్రతో వచ్చాడు. కర్ర పక్కన పెట్టి, కట్టుకట్టిన కాలు చాచుకుని నేల మీద కూర్చుని, చేయి అందినంత మేర రాళ్ళు ఏరి ఒళ్ళో వేసుకున్నాడు.

మాస్టారు పరుగున వచ్చి, "నీకెందుకురా ఈ శిక్ష?" అన్నారు.

"శిక్ష అని ఎవురు జెప్పినారు సార్? మనోళ్ళు ఆడుకోవల్ల గదా" అన్నాడు సుంకన్న.

మాస్టారు అక్కడే కూలబడి ఏడ్చారు. గట్టు మీది పదిమందీ దిగివచ్చి వంగారు.

ఆ తరువాత ఇరవై రెండేళ్ళు ఓబులేసు మాస్టారు ఈ ఊరు విడవలేదు. కప్పులు చాలానే వచ్చాయి, బడి బీరువాలో ఉన్నాయి, అడిగితే చూపిస్తారు. సుంకన్న మళ్ళీ పరుగెత్తలేదు. మాస్టారి మెడలోని ఈల మాత్రం ఇప్పుడు అతని మెడలో ఉంది. మాస్టారు పోయిననాడు ఆట ఆపలేదు. ఊరంతా రాళ్ళు ఏరింది, పిల్లలు ఆడారు.

నేటికీ ఆటకు ముందు రెండు జట్ల కెప్టెన్లూ మొదటి రాళ్ళు ఏరుతారు. ఆలస్యంగా వచ్చినవాడికి శిక్ష ఇప్పటికీ ఉంది: ఆ రోజు వాడికి రాయి ఏరే వంతు ఇవ్వరు. ఆ అవమానానికి జడిసి కోడి కూయకముందే వచ్చేస్తారు. రాళ్ళు దొరకడం కష్టమైపోయి కొందరు యాత్రికులు ఇంటి నుంచి జేబులో వేసుకు వస్తున్నారు. అది చెల్లదు. శనగగింజంత దొరికినా ఈ నేలదే కావాలి.

ఇక ఫలశ్రుతి. ఇక్కడ రాయి ఏరితే ఉద్యోగం వస్తుందనీ, పెళ్ళి కుదురుతుందనీ మేము చెప్పం. ఏరినవారికి నడుము నొప్పి వస్తుంది. వారి వెనుక పరుగెత్తి వచ్చే ఇంకొకరి బిడ్డ పడడు.