మూడుసార్లు కడిగిన గేరుబాక్సు

పరదేశి స్వామివారిని ప్రశ్న అడిగితే జవాబు ఎప్పటికో దొరికేది, పని మాత్రం వెంటనే దొరికేది. కాషాయం కట్టకముందు ఆయన సాలూరులో లారీలు బాగుచేసేవారు. తనకు వేదాంతం కంటే పానాలూ బోల్టులే ఎక్కువ తెలుసని తన మీద తానే పరాచికాలాడుకునేవారు. ఇదంతా తెలిసి కూడా గౌరీసు ఓ పొద్దున వెళ్లి ఆయన ముందు కూర్చున్నాడంటే, పాపం, వాడి ప్రాణం ఎంత విసిగిపోయి ఉండాలో అనుకోండి.

గౌరీసు స్వామివారి ఆశ్రమం జీపు నడిపేవాడు. నలభై దాటాయి, మాట తక్కువ. కొండమీది గూడేలకు ఆసుపత్రి బండి అన్నా, సంత బండి అన్నా ఆ జీపే. ఇరవై రోజుల కిందట జోరువానలో, చిలకమ్మ అనే ఆవిడను పురిటి నొప్పులతో ఎక్కించుకుని బయల్దేరాడు. వంతెన మీంచి పోతే అరగంట ఎక్కువవుతుందని, దారికడ్డంగా పారే గెడ్డలోకి దింపాడు. బండి నడిగెడ్డలో ఆగిపోయింది. జనం వచ్చి లాగేసరికి మూడు గంటలు పట్టింది. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. గూడెంలో ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదని గౌరీసుకు అనిపించేది. ఆనాటి నుంచి వాడు స్టీరింగు ముట్టలేదు. గూడేల రోగులు డోలీల్లోనే కొండ దిగుతున్నారు.

"గురువుగారూ, నా మనసంతా బురదైపోనాది. అది తేటపడ్డాకే బండి తీస్తాను. అందాకా నన్ను జపంలో కూకోనివ్వండి. తప్పంటారా?" అని అడిగాడు.

స్వామివారు జీపు వైపు చెయ్యి చూపారు. "ఇంజను టౌను మేస్త్రీ చూసి పోయాడు. గేరుబాక్సు ఎవరూ విప్పలేదు. అదీ నీళ్లు తాగే ఉంటాది. ముందది కడుగు," అన్నారు.

గౌరీసు నిట్టూర్చి బండి కిందకు దూరాడు. అడుగు బోల్టు విప్పితే, తేనెలా జారవలసిన నూనె పాలెక్కువైన టీలా కారింది. నీళ్లు కలిసిన నూనె రంగు అదే. ఇవి ఆనాటి గెడ్డ నీళ్లే కదా అనుకున్నాడు. డీజిలు పోసి కడిగాడు, వంపాడు, మళ్ళీ పోశాడు. మూడోసారికి పోసింది పోసినంత తేటగా తిరిగొచ్చింది. కొత్త నూనె నింపి, "శుభ్రమైపోనాదండీ," అని వచ్చి చెప్పాడు. ఇంజను మాత్రం స్టార్టు చెయ్యలేదు.

"దిగువ సెంటరు దాకా తిప్పి తీసుకురా. వేడెక్కాక విప్పి చూద్దాం."

"బండి నడపనన్నాను కదండీ."

"బండి నడపమన్నానా? నూనె వేడెక్కించమన్నాను."

ఆయనతో వాదించి గెలిచినవాడు ఆ చుట్టుపక్కల లేడు. గౌరీసు ఎక్కి కూర్చున్నాడు. గేరు వేశాడు. రెండో మలుపు దగ్గర, విస్తళ్లు కుట్టే అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకున్న మనిషి ఒకామె చెయ్యెత్తింది. చూస్తే చిలకమ్మే. ఒడిలో బిడ్డ లేని ఇరవై రోజుల బాలింత. ఆపక తప్పుతుందా? ఆమె మోపు వెనక పడేసి, వాడి పక్కనే కూర్చుంది. క్షమించమని అడగడానికి ఇన్నాళ్లూ వల్లించుకున్న మాటలన్నీ మింగేసి, గౌరీసు బండి కదిపాడు.

గెడ్డ వచ్చింది. ఇప్పుడందులో పాదాలు తడిసేటన్ని నీళ్లే. అలవాటున వాడి చెయ్యి అటు తిప్పబోయింది.

"ఇటొద్దు. వంతెన మీంచి పోనీ, అన్నా," అంది చిలకమ్మ.

అరగంట చుట్టు. దారి పొడవునా వాడి కళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోవడానికి సిగ్గేసింది. ఆమె బయటికి చూస్తూ కూర్చుంది. సెంటర్లో దిగి మోపు ఎత్తుకుంటూ, "లచ్చివారం సంతకొస్తావా? ఆసుపత్రికి మా అత్తని దింపాల. జొరం, నడవలేదు," అంది. తల ఊపాడో లేదో వాడికే తెలియదు.

తిరిగొచ్చి, జరిగింది రెండు ముక్కల్లో చెప్పి, గౌరీసు బోల్టు విప్పాడు. మళ్ళీ టీ రంగు! మొదటంత చిక్కగా లేదు గానీ, తేట మాత్రం కాదు. వాడు ఉన్నచోటనే చతికిలపడ్డాడు.

"పొద్దున్న తేటగా వచ్చింది కదండీ! మరి ఇదెక్కడ దాక్కుంది? ఇంకెన్నిసార్లు కడగాలండీ?"

స్వామివారు నూనెలో వేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూశారు. "నిలబెట్టి కడిగితే తేటగానే వస్తాది నాయనా. గేరు పళ్ల సందుల్లోది చక్రం తిరిగితేనే దిగుతాది," అన్నారు. తర్వాత కొత్త నూనె డబ్బా తెచ్చి వాడి పక్కన పెట్టి, లోపలికి వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగారు.

"లచ్చివారం సంతకెళ్లొచ్చి, మళ్ళీ విప్పు."