కాలి కింద గిటారు

తెనాలిలో కిరీటి అనే కుర్రాడు ఉండేవాడు. గిటారు మీద అతని వేళ్లు చురుకైనవే గానీ, మనసు మాత్రం అద్దె ఇల్లులాంటిది, కొత్తగా ఎవరొస్తే వాళ్లదే. ఫోనులో ఒక గిటారిస్టును చూస్తే కొన్నాళ్లపాటు అచ్చం అతనిలాగే వాయించేవాడు. కూర్చునే తీరు, తల ఊపే తీరు కూడా ఆ మనిషివే. ఇంతలో అంతకన్నా వేగంగా వాయించేవాడు ఇంకొకడు కనబడేవాడు. అంతే, కిరీటి నీరుగారిపోయేవాడు. వీళ్ల ముందు మనమెంత అనుకుని గిటారును సంచిలో పెట్టి మంచం కిందికి తోసేసేవాడు. మళ్లీ ఎప్పుడో బయటికి తీసి, దుమ్ము దులిపి, ఈసారి ఆ కొత్తవాడిలా మొదలుపెట్టేవాడు. "ఈ నెల ఎవరివిరా నువ్వు?" అని స్నేహితులు ఆటపట్టించేవారు. అతను దాన్ని మెచ్చుకోలు అనుకునేవాడు, పాపం.

ఆ ఊళ్లో మల్లేశ్వరరావు గారని ఒకాయన పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రా నడిపేవారు. ఆయన దగ్గర గిటారు వాయించే మనిషి వేరే ఊరు వెళ్లిపోవడంతో ఆ చోటు ఖాళీ అయింది. కిరీటి కన్ను దాని మీద పడింది. వెళ్లి అడిగాడు. మల్లేశ్వరరావు గారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. తమ గాయని హైమవతి గారు ఎప్పుడూ పాడే పాత పాట ఒకటుందనీ, పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే గిటారు బిట్ చాలా కష్టమనీ చెప్పి, అది వాయించగలవా అని మాత్రం అడిగారు. రికార్డులో ఉన్నది ఉన్నట్టు దించేస్తానని కిరీటి గొప్పగా చెప్పాడు. అయితే ఈ ఆదివారం పెళ్లిలో వాయించు, బాగుంటే ఆ కుర్చీ నీదే అన్నారాయన.

మాటైతే ఇచ్చాడు గానీ, ఆ బిట్ అతనికి కొరుకుడు పడలేదు. కుస్తీ పట్టాడు, వేళ్లు బొబ్బలెక్కాయి, ఎప్పటిలాగే విసుగొచ్చింది. అయితే ఈసారి గిటారు మంచం కిందికి పోలేదు. అంతకన్నా చెడ్డ ఆలోచన వచ్చింది.

గిటారు వాయించేవాళ్లలో కొందరు కాలి దగ్గర ఒక చిన్న పెట్టె పెట్టుకుంటారు. ముందే అందులోకి ఎక్కించి ఉంచిన వాయింపు, కాలితో మీట నొక్కగానే మోగుతుంది. ఎవరో ఆరితేరిన మనిషి ఆ బిట్ వాయించి ఫోనులో పెడితే, కిరీటి దాన్ని మొత్తంగా ఆ పెట్టెలోకి ఎక్కించుకున్నాడు. తన గిటారు వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, తీగల మీద వేళ్లు ఊరికే ఆడిస్తూ, కాలితో మీట నొక్కాడు. రిహార్సల్‌లో ఎత్తు పారింది. అందరూ భుజం తట్టారు. హైమవతి గారైతే కళ్లు మూసుకుని విన్నారు. ఆవిడ అలా వింటుంటే కిరీటికి ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది గానీ, కుర్చీ గుర్తొచ్చి ఆ సంగతి మరిచిపోయాడు.

ఆదివారం పొద్దున కల్యాణమండపంలో మైకులు సర్దుతుండగా హైమవతి గారు అతన్ని పక్కకు పిలిచారు. ఆవిడ గొంతు బొంగురుపోయి ఉంది.

"నా గొంతు ఈ పూట నా మాట వినట్లేదు నాయనా. బుధవారం ఆపరేషను. ఆ తర్వాత పాడతానో లేదో డాక్టరు కూడా చెప్పలేకపోతున్నాడు. పెళ్లికూతురు మా చెల్లెలి కూతురు, నా చేతుల మీద పెరిగింది. ఈ పాటే కావాలంది. పల్లవిలో పై స్వరం అందకపోతే చెయ్యి కిందికి చూపిస్తాను. అప్పుడు శ్రుతి దించాలి. నువ్వు కూడా నాతో దిగు."

కిరీటి కాలి దగ్గరి పెట్టె వైపు చూశాడు. హైమవతి గారి కోసం పెట్టె దిగిరాదు. అందులో ఎక్కించింది ఏ శ్రుతిలో ఉందో ఆ శ్రుతిలోనే మోగుతుంది. నిజం చెప్పడానికి అదే సమయం. నాకు ఆ బిట్ రాదమ్మా అంటే ఆవిడ ఇంకో పాట ఎంచుకునేవారు. కానీ నాలుగడుగుల దూరంలో మల్లేశ్వరరావు గారు నిలబడి ఉన్నారు. ఆయన పక్కనే ఆ ఖాళీ కుర్చీ ఉంది. అంతవరకూ రాదులే అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు కిరీటి.

"అలాగేనమ్మా" అన్నాడు.

తలంబ్రాలు అయ్యాయి. జనం కుర్చీలు ఇటు తిప్పుకుని కూర్చున్నారు. పెళ్లికూతురు దండలతోనే వేదిక వైపు చూస్తూ ఉంది. హైమవతి గారు పల్లవి ఎత్తుకున్నారు. మొదటి సగం బాగానే నడిచింది. కిరీటి ఆవిడ చేతినే చూస్తున్నాడు. ఆ చెయ్యి కదలకూడదని తనకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాడు. పల్లవి చివర పై స్వరం దగ్గర ఆవిడ గొంతు చీలింది. దగ్గును మింగుకున్నారు. చెయ్యి కిందికి చూపించారు.

కీబోర్డు వాయించే ఆయన ఒక మీట నొక్కి శ్రుతి దించేశాడు. తబలా సాగుతూనే ఉంది. ఇప్పుడు గిటారు రావాలి. అందరూ కిరీటి వైపు చూశారు.

ఏం చేయాలో పాలుపోక అతను కాలితో మీట నొక్కాడు.

గిటారు పై శ్రుతిలో మోగింది, కీబోర్డు కింది శ్రుతిలో ఉంది. రెండూ ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. వెనక వరసల్లో మాట్లాడుకుంటున్నవాళ్లు కూడా ఆపి తలెత్తారు. పెళ్లికూతురు ముఖం చిన్నబోయింది. హైమవతి గారు వెనక్కి తిరిగి ముందు అతని వేళ్లను చూశారు, తర్వాత అతని కాలిని చూశారు. ఆవిడకు అర్థమైపోయింది. ఆ చూపుకు కిరీటి అక్కడే భూమిలోకి కుంగిపోతే బాగుండుననుకున్నాడు.

అతను మళ్లీ మీట నొక్కి పెట్టెను ఆపేశాడు. గిటారు లేదు. తబలా ఒక్కటే నడుస్తోంది. లేచి వెళ్లిపోవచ్చు. ఎప్పుడూ చేసిన పని అదేగా, బాగా కుదరకపోతే వదిలేయడం. కానీ ఇప్పుడు వదిలేస్తే ఆవిడ పాట అక్కడితో ఆఖరు.

హైమవతి గారు మైకు దగ్గరికి జరిగి, పల్లవి వరసను సన్నగా కూనిరాగం తీశారు. అతని కోసమే తీశారు. కిరీటి వాల్యూమ్ పెంచి, ఒకే ఒక్క తీగ మీద వేలు పెట్టాడు. ఆ స్వరం ఎక్కడుందో అతనికి తెలియదు. చూసి నేర్చుకోవడానికి ఎదురుగా ఎవరి వేళ్లూ లేవు, వినడానికి ఆవిడ గొంతు ఒక్కటే ఉంది. కింద నుంచి వేలిని మెల్లగా పైకి జార్చుకుంటూ వెతికాడు. కొద్దిగా దాటిపోయింది. వెనక్కి జారాడు. ఆవిడ గొంతుకు తగిలింది. అక్కడ నిలిపాడు. రెండో స్వరం కూడా అలాగే జారుతూ వెతుక్కున్నాడు, మూడోది కాస్త తొందరగా దొరికింది. రికార్డులోని జోరు ఏదీ అందులో లేదు. చీకట్లో గోడ తడుముకుంటూ నడిచినట్టు ఉంది ఆ వాయింపు. అయినా ఆవిడ గొంతును ఒక్క క్షణం వదల్లేదు.

హైమవతి గారు చరణం అందుకున్నారు. ఇంట్లో పిల్లను నిద్రపుచ్చుతున్నట్టు తగ్గు గొంతుతో చివరిదాకా పాడారు. ప్రతి పాదం చివరా ఆ గిటారు వెనకే జారుతూ వచ్చింది. పెళ్లికూతురు కళ్లు తుడుచుకుంది.

పాట అయ్యాక మల్లేశ్వరరావు గారు వచ్చి పెట్టెను కాలితో ఒకసారి నొక్కారు. అదే బిట్ మళ్లీ మోగింది. ఆపేసి, కుర్చీ సంగతి మరిచిపొమ్మన్నారు. కిరీటి తల వంచుకున్నాడు.

హైమవతి గారికీ కోపంగానే ఉంది. "గొంతు పోతోందని నాకు అంత భయం లేదు. నువ్వున్నావని నమ్ముకుని శ్రుతి దించాను చూడు, అదే బాధగా ఉంది" అన్నారు. కిరీటికి ఏడుపు ఆగలేదు. ఆవిడ అతని గిటారు వైపు చూసి అడిగారు. "చివర్లో వాయించావే, అది ఎవరిది?"

"ఎవరిదీ కాదమ్మా. స్వరం దొరక్క వెతుక్కున్నాను."

"అయితే నా గొంతు కుదుటపడ్డాక ఇంటికి రా. నేను కూనిరాగం తీస్తాను, నువ్వు వెతుక్కో. ఫోను మాత్రం తేవద్దు."

ఆపరేషను తర్వాత ఆవిడ గొంతు తిరిగి వచ్చింది గానీ, మునుపటి కన్నా కిందికి దిగి వచ్చింది. కిరీటి వాళ్లింటికి వెళ్లి కూర్చునేవాడు. మొదట్లో విసుగు వచ్చేది, మంచం కింది సంచి గుర్తొచ్చేది. కానీ నిన్న దొరకని స్వరం ఇవాళ దొరికితే, రేపు ఇంకేం దొరుకుతుందో చూద్దామనిపించేది. పోల్చుకోవడానికి ఎదురుగా ఇంకొకడు లేడు కాబట్టి నీరుగారిపోయే పనీ లేకపోయింది. వెతుక్కుంటూ జారే ఆ వేలు, స్వరాలన్నీ తెలిశాక కూడా అలాగే ఉండిపోయింది. ఏడాది తిరిగేసరికి, వచ్చి ఆ కుర్చీలో కూర్చోమని మల్లేశ్వరరావు గారే కబురు పెట్టారు.

ఒకసారి ఒక పెళ్లిలో కిరీటి పాత స్నేహితుడు భోజనాల హాల్లో విస్తరి ముందు కూర్చున్నాడు. వేదిక అక్కడికి కనబడదు. గిటారు వినబడగానే అతను ముద్ద ఆపి, "మన కిరీటి వాయిస్తున్నాడురా" అన్నాడు.

ఇంకొకరిలా కావాలని చూసేవాడు ఎంత నేర్చినా వాళ్ల వెనకే ఉండి విసిగిపోతాడు. తప్పులతోనైనా తన చెవితో వెతుక్కుంటూ, వెతకడం మానకుండా ఉండేవాడికే తనదైన బాణీ దొరుకుతుంది.