గోదా గుమ్మంలో కట్టుబాటు

మందలపాడు కుస్తీ గోదా ఏడూళ్ల గోదాలు కలిసిన మల్లకూటమిలో ఒకటి. పోటీలకు వచ్చే కళ్లు లేనివాడు సగం రుసుమిస్తే చాలు, చెయ్యి పట్టి నడిపించేవారు ఊరికే రావచ్చు. అది కూటమి కట్టుబాటు.

ఆ ఏటి పోటీలకు సూరమ్మ తన మొగుడు గవరయ్యను నడిపించుకొచ్చింది. చూపు పోకముందు అతనూ ఆ మట్టిలోనే కుస్తీ పట్టాడు. గోదా యజమాని దండపాణి నాయుడు వాళ్లను గుమ్మంలోనే ఆపేశాడు.

“ఇద్దరికీ నిండు రుసుం కట్టండి. అయినా చూపు లేనివాడికి కుస్తీ ఏం కనిపిస్తుంది?”

“కూటమి కట్టుబాటుంది కదా బాబూ?” అంది సూరమ్మ.

“కూటమి మాట కూటమి దగ్గరే. ఈ గోదాలో నా మాటే చెల్లుతుంది,” అన్నాడు నాయుడు, జనమంతా వినేలా.

వాళ్ల దగ్గర అంత డబ్బు లేదు. దడి బయటే నిలబడ్డారు. తొలి పోటీలో నాయుడి మల్లుడు పొరుగూరివాడి వీపు మట్టికి ఆనించాడు. కూటమి పెద్దాయన, గెలిచినవాడికిచ్చే వెండి కడియం పట్టుకుని లేచాడు.

“ఆగండయ్యా!” దడి మీంచి కేకేసింది సూరమ్మ. “వీపు మట్టికి ఆనితే ఓడినట్టని ఎవరన్నారు?”

“కూటమి కట్టుబాటమ్మా,” అన్నాడు పెద్దాయన.

“అది ఇక్కడ చెల్లదని నాయుడుగారు ఇందాక అందరి ముందే చెప్పారు. మరి ఆయన మనిషి గెలిచినట్టెలా?”

పెద్దాయన కడియాన్ని వెనక్కి తీసుకున్నాడు. “కట్టుబాటు ఉందా, లేదా? మీరే చెప్పండి నాయుడుగారూ.”

“ఉంది,” అన్నాడు నాయుడు. తలవంచుకుని వచ్చి గుమ్మం తడిక తానే తీశాడు.

లోపలికి వస్తూ గవరయ్య అతని దగ్గర ఆగాడు.

“ఇందాకటి కుస్తీ కనిపించలేదు గానీ బాబూ, ఇది మాత్రం బాగా కనిపించింది.”